ఆస్ట్రేలియాకు తొలి ప్రయాణం: 15 రాత్రుల్లో ఏడు చోట్లు చూడవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. విజయవాడ నుంచి మీ దంపతులు, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, అరవై ఏడేళ్ల మీ అమ్మగారు, మొత్తం ఐదుగురు బయలుదేరుతున్నారు. దసరా సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని సెప్టెంబరు చివరి వారం నుంచి ఆస్ట్రేలియాలో 15 రాత్రులు ఉంటారు. మెల్బోర్న్ శివారులోని టార్నీట్‌లో మీ తమ్ముడి ఇల్లు ఉంది. మీ జాబితాలో సిడ్నీ, మెల్బోర్న్, గోల్డ్ కోస్ట్, కెయిన్స్, ఉలురు, అడిలైడ్, పెర్త్ ఉన్నాయి. వీటన్నిటినీ ఏ వరుసలో పెట్టుకుంటే పూర్తవుతాయని అడిగారు.

ఏ వరుసలో పెట్టినా పూర్తికావు. 15 రాత్రులకు మూడు మజిలీలు చాలు, నాలుగోది పెడితే మిగిలిన మూడూ చెడతాయి. మెల్బోర్న్‌లో ఆరు రాత్రులు, కెయిన్స్‌లో నాలుగు, సిడ్నీలో ఐదు ఉండమని నా సలహా. ఆస్ట్రేలియాలో ఉంటూ, ఇండియా నుంచి వచ్చే బంధుమిత్రులకు ఇలాంటి ప్రయాణాలు కుదిర్చిపెట్టడం నాకు అలవాటు. ఆ అనుభవంతో ఈ లెక్క ఎలా వచ్చిందో వివరిస్తాను, నచ్చకపోతే మీరే మార్చుకోవచ్చు.

ఆస్ట్రేలియా విస్తీర్ణం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే భారతదేశానికి రెట్టింపు కంటే ఎక్కువ. జనాభా మాత్రం మూడు కోట్లకు లోపే, అందులోనూ అధిక భాగం తీరం వెంబడి ఉన్న కొద్ది నగరాల్లోనే ఉంటుంది. మన దేశంలో రైలెక్కితే గంట గంటకూ ఏదో ఒక ఊరు తగులుతుంది కాబట్టి పటంలో రెండు చుక్కల మధ్య ఖాళీ కనిపిస్తే దారిలో ఆగవచ్చులే అనుకుంటాం. ఇక్కడ ఆ ఖాళీ నిజంగానే ఖాళీ. మెల్బోర్న్ నుంచి కెయిన్స్‌కు విమానంలో మూడున్నర గంటలు పడుతుంది, అది తిరువనంతపురం నుంచి ఢిల్లీకి ఉన్నంత దూరం. సిడ్నీ నుంచి పెర్త్‌కు దాదాపు ఐదు గంటలు ఎగరాలి, హైదరాబాదు నుంచి దుబాయ్ అంతకంటే దగ్గర. సిడ్నీ, మెల్బోర్న్ నగరాల మధ్య రైలుంది గాని అది పగలంతా తినేస్తుంది, పదకొండు గంటల ప్రయాణం. కాబట్టి మజిలీ మారిన ప్రతిసారీ విమానం తప్పదు.

విమానంలో కూర్చునే మూడున్నర గంటలను మాత్రమే లెక్కవేసుకోవడం వల్లే జాబితాలు పొడవవుతాయి. మెల్బోర్న్‌లో ఉదయం పదకొండు గంటల విమానాన్నే తీసుకోండి. ఐదుగురూ పెట్టెలతో సహా టార్నీట్ నుంచి ఎనిమిదికల్లా బయలుదేరాలి, అంటే పిల్లలను ఆరున్నరకు లేపాలి. కెయిన్స్‌లో దిగేసరికి రెండున్నర, పెట్టెలు తీసుకొని బసకు చేరేసరికి నాలుగు. గది తాళం చేతికొచ్చి, స్నానాలై, అమ్మగారు కాసేపు నడుం వాల్చి లేచేసరికి ఆ రోజు చూడగలిగేది సముద్రపుటొడ్డున ఓ గంట షికారు మాత్రమే. ఒక్కొక్క మార్పూ ఒక రోజును ఇలా మింగుతుంది. ఏడు చోట్లంటే ఆరు మార్పులు, అంటే ఆరు రోజులు విమానాశ్రయాల పాలు. వచ్చిన రోజు ప్రయాణ బడలిక, తిరిగి వెళ్లే రోజు సర్దుడు కూడా తీసేస్తే మీ చేతిలో మిగిలేది ఒక్కో చోటుకు ఒక్కో రోజు. అందుకే రోజులను పక్కన పెట్టి రాత్రులను లెక్కపెట్టండి. ఒక చోట మూడు రాత్రులు ఉంటేగాని రెండు నిండు రోజులు దక్కవు.

ఇక ఏవి తీసెయ్యాలి? పెర్త్, అడిలైడ్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. రెండూ మంచి ఊళ్లే అయినా తొలి ప్రయాణంలో వాటికి చోటు లేదు. గోల్డ్ కోస్ట్ విషయంలో మీ పిల్లలు అలుగుతారని తెలుసు, ఎందుకంటే అక్కడి థీమ్ పార్కుల గురించి వాళ్లు వీడియోల్లో చూసే ఉంటారు. కానీ గోల్డ్ కోస్ట్, కెయిన్స్ రెండూ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనే ఉన్నాయి కదా అని పక్కపక్కన పెట్టుకోవద్దు, వాటి మధ్య రోడ్డు దూరం 1,700 కిలోమీటర్ల పైమాటే. పిల్లల ఉత్సాహమే ముఖ్యమనుకుంటే కెయిన్స్ తీసేసి గోల్డ్ కోస్ట్ పెట్టుకోండి. నా మట్టుకు నేను ఆ పని చేయను. రోలర్ కోస్టర్ ఏ దేశంలోనైనా దొరుకుతుంది, కెయిన్స్ దగ్గరి పగడపు దిబ్బ దొరకదు.

వదులుకోవడానికి కష్టంగా ఉండేది ఉలురు. ఎడారి మధ్య 348 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ ఏకశిల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రస్థలం. 1985 అక్టోబరు 26న ఆ భూమిని ప్రభుత్వం వారికి తిరిగి అప్పగించింది. 2019లో సరిగ్గా అదే తేదీ నుంచి శిల ఎక్కడం పూర్తిగా నిషేధించారు కాబట్టి పాత ఫొటోలు చూసి ఎక్కుదామని ఎవరూ అనుకోకూడదు. సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో రాయి రంగు మారడం చూడాలంటే కనీసం రెండు రాత్రులుండాలి. బసలన్నీ యులారా అనే ఒక్క చిన్న ఊళ్లోనే ఉండటంతో అద్దెలు నగరాల కంటే ఎక్కువ. ఆలిస్ స్ప్రింగ్స్‌కు టికెట్ చౌకగా దొరికిందని కొనేసేవారున్నారు. అక్కడి నుంచి ఉలురుకు ఇంకా 450 కిలోమీటర్లకు పైగా ఎడారి రోడ్డు ఉంటుంది. మీ అమ్మగారికి ఉలురు చూడాలనే కోరిక బలంగా ఉంటే, కెయిన్స్‌కు కేటాయించిన నాలుగు రాత్రుల్లో రెండు ఉలురుకు, రెండు సిడ్నీకి ఇచ్చి కెయిన్స్‌ను పూర్తిగా వదలండి. రెండూ కలపాలని మాత్రం చూడకండి.

మీరు ఎంచుకున్న కాలం ఈ మూడు మజిలీలకూ అనుకూలమే. ఇక్కడ రుతువులు తలకిందులని మీకు తెలుసు, సెప్టెంబరు చివర అంటే వసంతం మొదలు. మెల్బోర్న్‌లో పగటి వేడి 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, చలిగాలి, చినుకులు, ఎండ ఒకే రోజులో వచ్చిపోతాయి. కెయిన్స్‌లో అదే వారంలో 29 డిగ్రీలు. వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, సముద్రంలో ప్రాణాంతకమైన జెల్లీఫిష్ బెడద కూడా ఇంచుమించు నవంబరు నుంచి మే దాకా ఉంటాయి కాబట్టి మీరు ఆ రెండింటినీ తప్పించుకుంటారు. చిక్కల్లా ఇక్కడి బడులకు కూడా అప్పుడే సెలవులు కావడం. పైగా మెల్బోర్న్‌లో వాళ్ల ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్ సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం జరుగుతుంది, ముందురోజు విక్టోరియా రాష్ట్రమంతా సెలవు. మీరు తమ్ముడి ఇంట్లో ఉంటారు కాబట్టి నగరంలో హోటళ్ల ధరతో మీకు పని లేదు. కానీ గ్రేట్ ఓషన్ రోడ్డు అనే తీరపు దారిలో మీరు తీసుకోబోయే ఒక్క రాత్రి బసను మాత్రం చాలా ముందుగా పట్టుకోవాలి. సిడ్నీలో అక్టోబరు మొదటి సోమవారం సెలవు, ఆ వారాంతం గదులకు గిరాకీ ఎక్కువ.

మెల్బోర్న్‌ను మొదట పెట్టమన్నదానికి కారణం సొంతవాళ్ల ఇల్లు. రాత్రంతా విమానాల్లో గడిపి వచ్చిన పెద్దావిడకు మొదటి రెండు రోజులు చారన్నం, తెలిసిన మనుషులు, తొందరలేని ఉదయాలు ఉంటే తరవాతి ప్రయాణమంతా హాయిగా సాగుతుంది. అయితే టార్నీట్ నగరానికి పడమర చివరన ఉందన్న సంగతి మీ ప్రణాళికలో కనబడాలి. గ్రేట్ ఓషన్ రోడ్డుకు వెళ్లడానికి అది వరం. నగరాన్ని దాటే పని లేకుండా నేరుగా గీలాంగ్ దారి పట్టవచ్చు. పెంగ్విన్లను చూసే ఫిలిప్ ఐలాండ్ మాత్రం సరిగ్గా అవతలి దిక్కున ఉంది, ఒక వైపుకే రెండు గంటల పైన పడుతుంది. చీకటి పడ్డాక పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డుకు వస్తాయి, వాటిని ఫొటో తీయనివ్వరు. అవి గూళ్లకు చేరేదాకా చూసి మీరు ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. ఆ రోజు ఉదయం ఏ పనీ పెట్టుకోకుండా మధ్యాహ్నం బయలుదేరి, దారిలో కాస్త పక్కకు తిరిగి క్యారమ్ డౌన్స్‌లోని శివ విష్ణు ఆలయం చూసుకొని వెళితే అమ్మగారి కోరికా తీరుతుంది.

గ్రేట్ ఓషన్ రోడ్డును ఒకే రోజులో చుట్టివచ్చే బస్సులున్నాయి. పన్నెండు, పదమూడు గంటల ప్రయాణం, ఆరేళ్ల పిల్లవాడితో వద్దు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా చెక్కిన ఈ 243 కిలోమీటర్ల రోడ్డులో లోర్న్ నుంచి అపోలో బే దాకా ఉన్న భాగం అన్నిటికంటే అందమైనది, మలుపులు కూడా అక్కడే ఎక్కువ. కార్లో కళ్లు తిరిగేవారెవరైనా ఉంటే ముందు సీటు వారికే ఇవ్వండి. పోర్ట్ క్యాంబెల్‌లోగాని అపోలో బేలోగాని ఒక రాత్రి ఉంటే, పగటి బస్సులు వెళ్లిపోయాక సాయంకాలపు వెలుగులో ట్వెల్వ్ అపోస్టల్స్ రాతిస్తంభాలను తీరిగ్గా చూడవచ్చు. మర్నాడు తీరం వెంబడి కాకుండా కోలాక్ మీదుగా లోపలి దారిలో తిరిగిరండి, మూడు గంటల్లో ఇంటికి చేరతారు. మిగిలిన రోజుల్లో ఒకటి నగరానికి (మధ్యభాగంలో ట్రాములు ఉచితం), ఒకటి మీ తమ్ముడి స్నేహితుల భోజనాలకు వదిలేయండి. పడమటి శివార్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. పిలుపులు వస్తాయి, కాదనలేరు, ఆ రోజును ముందే లెక్కలో వేసుకుంటే మరో కార్యక్రమం దెబ్బతినదు.

కారు గురించి రెండు మాటలు. ఇక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు పర్యాటకులకు చెల్లుతుంది. అయినా అద్దె సంస్థలు అడగవచ్చు కాబట్టి అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకురండి. ఐదుగురికీ సామానుకూ మామూలు కారు సరిపోదు, ఏడు సీట్ల బండి తీసుకోండి. ఏడేళ్లలోపు పిల్లలకు ఆమోదించిన ప్రత్యేక సీటు చట్టప్రకారం తప్పనిసరి. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు. ఊరు దాటాక సంధ్యవేళల్లోనూ రాత్రిపూటా కంగారూలు హఠాత్తుగా అడ్డం వస్తాయి, ఆ వేళల్లో రోడ్డు మీద లేకుండా చూసుకోవడమే మంచిది. ఫిలిప్ ఐలాండ్ నుంచి రాత్రిపూట తిరిగి రావాలి కాబట్టి ఆ రోజు దారి తెలిసిన మీ తమ్ముడినే నడపమనండి. టోల్ రోడ్ల మీద డబ్బు కట్టే గేట్లు ఉండవు, కెమెరాలు బండి నంబరును పట్టుకుంటాయి. టోల్ ఎలా వసూలు చేస్తారో బండి తీసుకునేటప్పుడే అడగండి.

కెయిన్స్‌లో నాలుగు రాత్రులంటే మూడు నిండు రోజులు. గ్రేట్ బారియర్ రీఫ్ అనే ఆ పగడపు దిబ్బకు పడవ యాత్రను మొదటి నిండు రోజుకే పెట్టుకోండి. గాలి ఎక్కువై పడవ రద్దయితే రెండో రోజు చేతిలో ఉంటుంది. చివరి రోజుకు పెట్టుకొని రద్దయినవారికి డబ్బు వాపసు వస్తుంది గాని రీఫ్ దక్కదు. మీలో ఎవరైనా స్కూబా డైవింగ్ చేస్తే ఆ తరవాత పూర్తిగా ఒక రోజు గడిచేదాకా విమానం ఎక్కకూడదు, మొదటి రోజే మంచిదనడానికి అదీ ఒక కారణం. దూరపు రీఫ్‌కు పెద్ద పడవలో దాదాపు గంటన్నర పడుతుంది, సముద్రం కుదిపేస్తుంది. వాంతి మాత్ర బయలుదేరడానికి ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. ఈత రానివారు ఉన్నప్పుడు, సముద్రం మధ్య లంగరు వేసిన పెద్ద వేదికకు తీసుకువెళ్లే యాత్రనే ఎంచుకోండి. అక్కడ నీటిలోకి దిగకుండానే అద్దాల పడవలో పగడాలను చూడవచ్చు. అమ్మగారికి అంత ప్రయాణం వద్దనుకుంటే గ్రీన్ ఐలాండ్ ముప్పావు గంటలో వస్తుంది, పిల్లలకూ అది చాలు. రెండో రోజు కురాండాకు పాత రైలులో కొండెక్కి, అడవి పైనుంచి స్కైరైల్ తీగమార్గంలో దిగిరండి. మూడో రోజు పిల్లలను ఊళ్లోనే సముద్రపుటొడ్డున ఉన్న ఉచిత ఈతకొలనులో వదిలేయండి. అక్కడి సముద్రంలో, నదీముఖాల్లో మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీటి అంచుకు కూడా పోనివ్వకండి.

కెయిన్స్ నుంచి సిడ్నీకి మూడు గంటల ప్రయాణం. టికెట్ మీద నాలుగు గంటలని కనిపిస్తే కంగారు పడకండి. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి సిడ్నీ, మెల్బోర్న్ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, క్వీన్స్‌లాండ్ జరపదు. అప్పటిదాకా భారత కాలం కంటే నాలుగున్నర గంటలు ముందుండే సిడ్నీ ఆ తరవాత ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ ఆదివారం తెల్లవారుజామున మీకు ఏ విమానమో పడవో ఉంటే గడియారం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

సిడ్నీలో కారు భారమే, తీసుకోవద్దు. రైళ్లు, బస్సులు, పడవలు అన్నీ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, అయితే ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు ఎక్కలేరు. పిల్లలకు తక్కువ ధర వర్తించాలంటే చైల్డ్ ఓపల్ కార్డు అనే పిల్లల ప్రయాణ కార్డు కొనాలి. విమానాశ్రయం రైల్వే స్టేషనులో తలకు విడిగా అదనపు రుసుము పడుతుంది కాబట్టి ఐదుగురికి పెద్ద టాక్సీయే నయం. విహార నౌకలకు డబ్బు పోయకండి. సర్క్యులర్ కీ అనే పడవల రేవు నుంచి మాన్లీకి వెళ్లే మామూలు ప్రయాణికుల పడవ అరగంటలో ఓపెరా హౌస్‌నూ హార్బర్ బ్రిడ్జినీ చూపిస్తూ సముద్రతీరానికి చేరుస్తుంది, తిరుగు ప్రయాణం సాయంత్రం దీపాలు వెలిగాక చేయండి. బ్లూ మౌంటెన్స్‌కు సెంట్రల్ స్టేషను నుంచి కటూంబా దాకా రెండు గంటల రైలు. సెలవు వారాంతం వదిలి మామూలు రోజున వెళ్లండి. హెలెన్స్‌బర్గ్‌లోని వేంకటేశ్వరాలయం నగరానికి దక్షిణాన 45 కిలోమీటర్ల దూరంలో ఉంది, వాహనం లేకుండా కష్టం. నవరాత్రులు కాబట్టి అమ్మగారు తప్పక అడుగుతారు, ఆ ఒక్క పూటకు బండి మాట్లాడుకోండి.

కెయిన్స్, సిడ్నీల్లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ బసలు తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పెరుగన్నానికి వెతుక్కునే బాధా ఉండదు. కాకపోతే తాలింపు వేసేటప్పుడు జాగ్రత్త. గది తలుపు తెరిస్తే పొగ వసారాలోకి పోయి భవనమంతటి అలారం మోగుతుంది, అగ్నిమాపక దళం వస్తే ఆ రుసుమును మీ నుంచే వసూలు చేస్తారు. పొగ లాగే ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, సన్న మంట మీద కానివ్వండి.

తినేవాటి గురించి అసలు కఠినమైన నియమం విమానాశ్రయంలోనే ఉంది. కరివేపాకు, పచ్చి కూరగాయలు, పళ్లు, మొలకెత్తే గింజలు తేవద్దు. పాలతో చేసిన మిఠాయిలతోనూ చిక్కే. పచ్చళ్లు, పొడులు, సున్నుండలు ఏవి తెచ్చినా, అనుమానం లేకపోయినా, విమానంలో ఇచ్చే కార్డు మీద ఆహారం ఉందని రాయండి. రాసి చూపిస్తే మహా అయితే ఆ డబ్బాను చెత్తబుట్టలో వేస్తారు, దాస్తే భారీ జరిమానా, కొన్ని సందర్భాల్లో వీసా రద్దు కూడా. ఇవన్నీ ఒకే పెట్టెలో పైన సర్దితే తనిఖీ దగ్గర ఐదు పెట్టెలూ విప్పాల్సిన పని ఉండదు.

ఇక కొనుగోళ్ల వరుస. మొదట వీసా. మనకు ఇక్కడ దిగాక వీసా ఇచ్చే పద్ధతి లేదు. ఐదుగురూ సందర్శకుల వీసాకు, అంటే 600 ఉపతరగతికి, ఆన్‌లైన్లో దరఖాస్తు చేసి, అడిగితే వేలిముద్రలు ఇవ్వాలి. బ్యాంకు పత్రాలు, ఆఫీసు సెలవు పత్రం, ఈ మూడు మజిలీల ప్రణాళిక, మీ తమ్ముడి ఆహ్వాన లేఖ జతచేయండి. వీసాలు చేతికొచ్చేదాకా వాపసు రాని టికెట్లేవీ కొనవద్దు, రద్దు చేసుకునే వీలున్న గదులు మాత్రం ముందే పట్టుకోవచ్చు. తరవాత అంతర్జాతీయ టికెట్. హైదరాబాదు నుంచి నేరు విమానం లేదు కాబట్టి సింగపూర్, కౌలాలంపూర్ వంటి చోట మారాలి. వెతికేటప్పుడు రానుపోను బదులు మల్టీ సిటీ ఎంచుకొని, వెళ్లేది మెల్బోర్న్‌కు, వచ్చేది సిడ్నీ నుంచి అని పెట్టండి. ధరలో పెద్ద తేడా ఉండదు, వెనక్కి మెల్బోర్న్‌కు వచ్చే విమానమూ ఒక రోజూ మిగులుతాయి. ఆపైన రెండు దేశీయ టికెట్లు. జెట్‌స్టార్ లాంటి చౌక సంస్థల్లో కనిపించే ధరకు చేతిసంచి ఏడు కిలోలే, పెట్టెల బరువును టికెట్‌తోపాటే కొంటే చౌక, విమానాశ్రయంలో కొంటే టికెట్ అంత అవుతుంది. అమ్మగారికి వైద్య బీమా ఇండియాలోనే తీసుకొని, బీపీ, షుగరు లాంటివేమైనా ఉంటే దాచకుండా రాయించండి. ఆవిడ మందులకు డాక్టరు చీటీ, పదిహేను రోజుల కంటే కాస్త ఎక్కువ సరిపడే మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. రీఫ్ పడవ, పెంగ్విన్ల టికెట్లు, గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ఒక్క రాత్రి బస, ఈ మూడూ సెలవుల్లో ముందే నిండిపోతాయి కాబట్టి విమానాలు ఖాయమైన రోజే వాటినీ కొనేయండి. మిగతావన్నీ వచ్చాక చూసుకోవచ్చు.